లింబాద్రికి ఉన్న ఒక్క సాక్షి

1 ఫిబ్రవరి 2018, గురువారం. హఫర్ అల్ బాతిన్

లింబాద్రిని పోలీసులు పట్టుకుపోయారు. రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

పొద్దున పదిన్నరకు మా సైట్‌లోని స్టోర్ ముందు జీపు ఆగింది. స్టోర్‌లో రెండు డ్రమ్ముల రాగి కేబుల్ తగ్గిందట. స్టోర్ హెల్పర్ లింబాద్రి, కాబట్టి దొంగ లింబాద్రి. విచారణ ఇంతే. టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. సైట్ మేనేజర్ వేలు చూపించాడు, వాళ్లు సంకెళ్లు బయటికి తీశారు.

మా మొండయ్య మామది లింబాద్రి ఊరే. ఇరవై రెండేళ్లుగా ఈ గల్ఫు దేశంలో ఉన్నాడు, పనివాళ్ల క్యాంపులో మా అందరికీ పెద్దమనిషి. ఆయన వెనకనుంచి మెల్లగా అన్నాడు.

“లింబా, సారు కాళ్లు పట్టుకోరా. కోపం దిగుతది, ఇడిసిపెడ్తడు.”

మా ఊళ్లల్లో పంచాయితీ అంటే అదే కదా. తప్పెవరిదో ఎవడికీ అక్కర్లేదు. చిన్నవాడు వంగితే పెద్దవాడు ‘సరే, పో’ అంటాడు, అందరూ తువ్వాళ్లు దులుపుకుని లేస్తారు. లింబాద్రి దబాలున మేనేజర్ బూట్ల మీద పడ్డాడు. రెండు చేతులా పట్టుకుని వదలలేదు. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన కాగితం తీసి ఏదో రాసుకున్నాడు.

టైంకీపర్ సర్దార్‌ది హైదరాబాద్. అరబ్బీ బాగా వచ్చు. జీపు వెళ్లాక అడిగాను, ఏం రాసుకున్నారని.

“ఒప్పుకున్నడని రాసుకున్నరు భాయ్. చోరీ చెయ్యనోడు కాళ్ల మీద ఎందుకు పడ్తడు అన్నరు.”

కాళ్లు పట్టుకున్నవాడల్లా దొంగైతే మా జిల్లా మొత్తాన్నీ జైల్లో పెట్టాలి.

2 ఫిబ్రవరి, శుక్రవారం

సెలవు. పెట్టె అడుగునుంచి నా పుస్తకాలు తీశాను. పుస్తకాలంటే ముప్ఫై పేజీలవి, పిన్ను కొట్టినవి, కరీంనగర్‌లో సభల బయట పది రూపాయలకు అమ్ముతారే, అవి. ఆరున్నాయి. ఐటీఐ చదివిన రోజుల్లో నా చదువంతా ఇదే. వాటిలో ‘అరెస్టయితే’ అన్నదాన్ని మూడోసారి చదివాను.

ఆరోపణ వేరు, నేరం వేరు. మనిషి చెప్పుకునేది వినకుండా ఇచ్చే తీర్పు తీర్పే కాదు, అది దెబ్బ. నిందితుడు మంచివాడా చెడ్డవాడా అన్నది తర్వాత సంగతి. ముందు అతనికి అర్థమయ్యే భాషలో అడగాలి, అతని సాక్షుల్ని పిలవాలి. దుబాసీని ఇవ్వాలని ఈ దేశపు చట్టంలోనే ఉంది. ఇచ్చారు కూడా. ఎవరిని? సర్దార్‌ని! ఫిర్యాదు చేసిన కంపెనీ జీతగాడే నిందితుడికి నోరు!

సర్దార్‌ని నిలదీశాను. “మై క్యా కరూఁ భాయ్? రమ్మన్నరు, పోయిన. మేనేజర్ పక్కనే కూసున్నడు. లింబాద్రి మస్తు చెప్పిండు. నేను కొంచెం చెప్పిన.” కొంచెం అట!

కంపెనీ ఇదంతా ఎందుకు చేస్తోందో నాకు తెలుసు. కొత్త సంవత్సరంతో పాటు బయటిదేశాల పనివాళ్ల మీద లెవీ పెరిగింది, తలకింత అని నెలనెలా కట్టాలి. ఇక్కడివాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో కంపెనీ ఎరుపులో పడింది, ఎవడి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యూ కావడం లేదు. మనుషుల్ని వదిలించుకోవాలి. మర్యాదగా పంపాలంటే టికెట్టు, సర్వీసు డబ్బు ఇవ్వాలి. దొంగకు ఏమీ ఇవ్వక్కర్లేదు.

5 ఫిబ్రవరి

మధ్యాహ్నం లింబాద్రి భార్య పోశమ్మ ఫోన్ చేసింది. వెనక బీడీలు కట్టే ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఏడవలేదు. అదే భయమేసింది.

“అన్నా, దొంగతనం కేసుల చెయ్యి తీస్తరట గద?”

“గట్లేం కాదు పోశమ్మా. గవన్ని ఎవలో చెప్పే మాటలు.”

“ఏ చెయ్యి తీస్తరన్నా?”

ఫోన్ ఆమే పెట్టేసింది.

9 ఫిబ్రవరి, శుక్రవారం

ఎంబసీకి అర్జీ రాశాను. కంపెనీకి సంబంధం లేని దుబాసీ కావాలి, లింబాద్రి మాట మొదటినుంచి మళ్లీ రాసుకోవాలి, సాక్షుల్ని పిలవాలి. ముప్ఫై నాలుగు సంతకాలయ్యాయి. మొండయ్య మామ అయితే వేలిముద్ర వేసి, కింద సంతకం కూడా పెట్టాడు, రెండూ ఉంటే గట్టిగా ఉంటుందని.

ఒక్కడే పెట్టలేదు. పికప్ డ్రైవర్ ఓబులయ్య. కదిరి ఆయన. యాభై దాటాయి. మాతోపాటే మెస్సులో తింటాడు.

“నేను పెట్టకూడదు నాయనా. దీంట్ల నా సంతకం ఉంటే పని చెడతాది.”

“ఎవల పని? నీ పనా?”

“కోపంల ఉండావు. మల్ల మాట్లాడదాం లే.”

కోపం ఉండదా! కోపం లేనివాడు మనిషా?

14 ఫిబ్రవరి

ఓబులయ్య మేనేజర్ క్యాబిన్‌లో కూర్చుని టీ తాగుతున్నాడు. పైపు కొలతల కోసం వెళ్లి అద్దంలోంచి చూశాను. గంట తర్వాత వెళ్లినా ఇంకా అక్కడే ఉన్నాడు. మాలో ఎవడికి ఆ క్యాబిన్‌లో కుర్చీ వేశారు ఇన్నేళ్లలో?

15 ఫిబ్రవరి

కంపెనీ బస్సు కిటికీలోంచి కళ్లారా చూశాను. పోలీస్ స్టేషన్ బయట మా పికప్. పక్కన ఓబులయ్య, తలకు గుడ్డ చుట్టుకుని, లోపలికి నడుస్తున్నాడు. ఒక్కడే.

నిన్న టీ, ఇవాళ స్టేషన్. ఇంకా అడిగేదేముంది?

16 ఫిబ్రవరి, శుక్రవారం

భోజనాలయ్యాక మెస్సులో కూర్చున్నాం, పదకొండు మంది. నేనే పిలిచాను. ఓబులయ్య కంచం కడుగుతున్నాడు. అందరి ముందే చెప్పాను. టీ సంగతి, స్టేషన్ సంగతి, సంతకం పెట్టని సంగతి. లింబాద్రి మీద సాక్ష్యం చెప్పి తన ఇఖామా సరిచేసుకుంటున్నాడని.

ఓబులయ్య చేతులు తుడుచుకున్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ సర్దార్ వైపు ఒకసారి చూశాడు.

“నాయనా, నేను చెప్పేది ఇంటావా? ఈడ గాదు. బయటికి రా, నీ ఒక్కనికే...”

“చాటుకెందుకు? చెప్పేదుంటే పదిమందిల చెప్పు!”

“పదిమందిల చెప్పే మాట గాదప్పా అది.”

“విన్నరు గదా? నీ సంజాయిషీ ఎవనికి కావాలె పో!”

తప్పు చేయనివాడైతే గట్టిగా అరవడా? కనీసం బతిమాలడా? కళ్లలో నీళ్లు లేవు, కాళ్లావేళ్లా పడటం లేదు. రాయిలా నిలబడ్డాడు. నేరం మొహంలోనే కనిపించింది నాకు.

మొండయ్య మామ మాత్రం, “పిలగా, ఒక్కపారి అడిగిసూద్దుమా?” అన్నాడు. “లింబాద్రిని అడిగిండ్రా మామా వాళ్లు?” అన్నాను. అందరూ ఊఁ కొట్టారు. చేతులెత్తాం. ఇవాళ్టినుంచి ఓబులయ్య మా మెస్సులో తినడు, ఎవరూ ఆయనతో మాట్లాడరు, కంచం వేరు, మూకుడు వేరు.

ఆయన రాయలసీమ మనిషని చేసింది కాదు ఇది. ఆ మాట రాసిపెడుతున్నాను.

18 ఫిబ్రవరి

ఎంబసీనుంచి జవాబొచ్చింది. అర్జీ అందిందని, కోర్టులో వేరే దుబాసీని పెట్టమని అడుగుతారని. గెలిచాం! మొండయ్య మామ సేమ్యా పాయసం చేశాడు. అందరికీ వచ్చింది. అంటే, మాకందరికీ.

24 ఫిబ్రవరి

ఓబులయ్య పికప్ వెనక డాలా మీద కూర్చుని ఖుబూస్ రొట్టె, పెరుగు తింటున్నాడు. కావాలనే అందరికీ కనిపించేలా కూర్చుంటున్నాడనిపిస్తోంది. జాలి పుట్టించాలని.

అడిగేదేముంది.

8 మార్చి

ఓబులయ్య వెళ్లిపోయాడు. దేశం వదిలిపోయే ఎగ్జిట్ వీసా కొట్టించుకున్నాడు, రియాద్‌నుంచి విమానమట. టికెట్టు, సర్వీసు డబ్బు అన్నీ కంపెనీ ఇచ్చిందట. చూశారా? ద్రోహానికి కూలి.

పోయేముందు సంచి భుజాన వేసుకుని నా మంచం దగ్గరికొచ్చాడు. “లింబాద్రిని కలిస్తే నాయనా...” అన్నాడు. నేను ఫోన్‌లో పాట సౌండు పెంచాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

క్యాంపులో ఇప్పుడు గాలి శుభ్రంగా ఉంది.

27 మార్చి, మంగళవారం

జైలుకు వెళ్లాం, నేనూ మొండయ్య మామా. రెండు నెలల తర్వాత దొరికింది ములాఖత్తు. మధ్యలో అద్దం, అటో ఫోను ఇటో ఫోను. లింబాద్రి చిక్కాడు. గడ్డం తెల్లబడింది. ముప్ఫై నాలుగేళ్లే వాడికి.

చేతులు చూపించాడు, రెండూ. “ఉన్నయే మామా, పోశవ్వకు చెప్పు,” అని నవ్వాడు. మామ తల తిప్పుకున్నాడు.

తర్వాత నాకు ఫోనిచ్చాడు మామ. ఉన్నదున్నట్టు రాస్తాను.

“జనార్దనూ, ఓబులన్న మంచిగున్నడా?”

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

“గా డ్రమ్ములు మేమిద్దరమే ఎక్కించినం పికప్‌ల. మేనేజర్ ఓబులన్నకు ఫోన్ చేసిండు, ఖైసూమా రోడ్డు మీద ఇంకో సైటుంది, ఆడ దింపుండ్రి, గేటు కాయితం మల్ల రాస్త అని. నేను చెవులార ఇనలే ఆ ఫోను. ఓబులన్న ఇన్నడు, నాకు చెప్పిండు. ఇద్దరం దింపొచ్చినం. గీ ముచ్చట సర్దార్‌కు చెప్పిన స్టేషన్‌ల. వాడు చెప్పిండో లేదో. ఓబులన్న రెండుపార్లు స్టేషన్‌కు తనకుతానే వొచ్చిండట, నా సాక్ష్యం రాసుకోండ్రని. కోర్టు పిలిచినప్పుడు చెప్పు అన్నరట. ఒకపారి నన్ను గూడ సూసిపోయిండు. మేనేజర్ పిలిచి టీ పోసి, ఎగ్జిట్ కొట్టిస్త, పైసలన్ని ఇస్త, ఇంటికి పొమ్మన్నడట. లింబాద్రి కేసయ్యేదాంక కదల అన్నడట. గట్టిమనిషి. నేను స్టేషన్‌కు వొస్తున్నట్టు ఎవ్వలికి చెప్పకు, సర్దార్ చెవుల పడితే మేనేజర్‌కు పోతది అన్నడు. అర్జీల సంతకం గూడ గందుకే పెట్టలేదట. నీకు చెప్పిండు గావచ్చు గదా?”

“ఆఁ,” అన్నాను.

“ఆయన ఉన్నడన్న ధైర్యంతోటే పండుకుంటున్న అన్నా.”

టైమైపోయిందని గార్డు అద్దం మీద తట్టాడు.

28 మార్చి

డ్యూటీ. మూడో బ్లాకులో పైపులు.

30 మార్చి, శుక్రవారం

ఆలోచిస్తే, ఓబులయ్యది కూడా తప్పుంది. ఆరోజే గట్టిగా చెప్పి ఉండాల్సింది. బయటికి రా అనడమేమిటి? అంత సీక్రెట్టా? సర్దార్ నిలబడి ఉన్నాడు నిజమే. అయినా. మనిషి తన మీద పడ్డ నిందకు నోరు విప్పాలి. విప్పలేదంటే ఎదుటివాడు ఏమనుకోవాలి?

పై వాక్యాలు మళ్లీ చదివాను. ఆ జీపులో వచ్చినవాళ్లు ఇంతకంటే ఏం అన్నారు?

3 ఏప్రిల్

ఓబులయ్య ఇండియా నంబర్ నా దగ్గర లేదు. సర్దార్ దగ్గర ఉందట. సర్దార్‌ని అడగను.

7 ఏప్రిల్

సర్దార్ ఊరికే ఇచ్చాడు నంబర్, అడక్కుండానే. “నువ్వు ఎత్కుతున్నవని మొండయ్య చెప్పిండు,” అన్నాడు. చీటీ పర్సులో పెట్టుకున్నాను. ఇవాళ నెట్‌వర్క్ బాగాలేదు.

12 ఏప్రిల్

మెస్సులో చెప్పేశాను. లింబాద్రి చెప్పినదంతా, ఒక్క మాట వదలకుండా. ఎవడూ ముద్ద ఎత్తలేదు. ఎవడైనా నన్ను కొడితే బాగుండుననిపించింది. కొట్టలేదు. వరుసగా లేచి కంచాలు కడుక్కున్నారు.

మొండయ్య మామ ఒక్కడు మిగిలాడు.

“నీ ఒక్కని చెయ్యే లేవలే ఆనాడు. నాది గూడ లేసింది.”

“నేను పిలిస్తె లేసింది మామా.”

“అవు. గట్లనే. ఫోన్ జేసినవా ఆయనకు?”

“చేస్త.”

“పుస్తకాలు సదివినోనివి గదరా. ఒక్క ఫోను రాదా నీకు?”

ఈ మనిషే లింబాద్రిని మేనేజర్ బూట్ల మీద పడమన్నాడు, నాకు నీతులు చెబుతున్నాడు అని నోటిదాకా వచ్చింది. అనలేదు. మేనేజర్ టీ పోసి, టికెట్టు చూపించి, కదిలించలేకపోయిన మనిషిని మేం కంచం వేరు పెట్టి ఇరవై రోజుల్లో పంపించేశాం. కంపెనీ మాకు జీతం ఇవ్వాల్సింది ఈ పనికి.

22 ఏప్రిల్, ఆదివారం

ఇవాళ కోర్టు.

నేను, మామ, ఎంబసీ తరఫున ఒకాయన వెనక బల్ల మీద కూర్చున్నాం. లింబాద్రి మమ్మల్ని చూసి, మా వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని తలుపు వైపు చూశాడు. దుబాసీ కోర్టు మనిషి. తెల్లగడ్డం, మెల్లగా ఉర్దూలో చెబుతాడు, లింబాద్రికి అర్థమైందా అని ప్రతి మాటకూ ఆగుతాడు.

తీర్పు చెప్పే ఖాజీ మీద కోపం సిద్ధం చేసుకుని వెళ్లాను. మూడు నెలలనుంచి కూడబెట్టిన కోపం. ఆయన సన్నగా, జలుబుతో, ముక్కు తుడుచుకుంటూ ఉన్నాడు. ఫైల్లో ఒక చోట వేలు పెట్టి అడిగాడు.

“నువ్వు మేనేజర్ కాళ్లు పట్టుకున్నావని రాసుంది. ఎందుకు పట్టుకున్నావు?”

లింబాద్రి బెదిరిపోయాడు. తన ఉర్దూలో, మధ్యలో తెలుగు కలిపేస్తూ చెప్పాడు. తమ ఊళ్లో తప్పు చేసినా చేయకున్నా పెద్దవాళ్ల కోపం దిగడానికి అలా పట్టుకుంటారని, తను దొంగతనం ఒప్పుకోలేదని. దుబాసీ రెండుసార్లు అడిగి తెలుసుకుని చెప్పాడు. ఖాజీ అది రాసుకొమ్మని గుమాస్తాకు చెప్పాడు.

మొదటిరోజే ఎవడైనా అడగాల్సిన ప్రశ్న. ఎనభై రోజులకు ఒకడు అడిగాడు. అడిగినవాడి మీద కోపం తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. రాలేదు.

లింబాద్రి డ్రమ్ముల సంగతి, ఫోన్ సంగతి చెప్పాక మేనేజర్ ఒక్క ముక్క చెప్పాడు. తనెవరికీ ఫోన్ చేయలేదని.

“నీకు సాక్షి ఉన్నాడా?” అన్నాడు ఖాజీ.

లింబాద్రి మొహం వెలిగింది. “ఉన్నడు సార్. ఓబులయ్య. పికప్ డ్రైవర్. ఫోన్ ఆయనకే వచ్చింది.”

“ఎక్కడ?”

లింబాద్రి మా వైపు తిరిగాడు. మామ నేలకేసి చూస్తున్నాడు. మేనేజర్ పక్కనున్న లాయర్ లేచి, ఆ మనిషి తన ఇష్టంతో, బాకీలన్నీ తీసుకుని దేశం వదిలి వెళ్లిపోయాడని చెప్పాడు.

నేను లేచాను. “ఇష్టంతోటి కాదు! నేను పంపించిన! మేము...” తెలుగులో అరిచానని తర్వాత తెలిసింది. గార్డు భుజం పట్టి కూర్చోబెట్టాడు. దుబాసీ నా వైపు జాలిగా చూశాడు, ఏమీ తర్జుమా చేయలేదు. లింబాద్రికి మాత్రం తర్జుమా అక్కర్లేదు కదా. నన్నే చూస్తూ నిలబడ్డాడు. తిట్టలేదు. “ఎందుకన్నా?” అన్నాడు, పెదవులతోనే.

ఎంబసీ ఆయన లేచి మాట్లాడాడు. ఆ సాక్షి తన మాట ఇండియాలో రాసి, అధికారుల ముద్రలతో పంపిస్తే చూస్తానన్నాడు ఖాజీ. మధ్యలో రంజాన్, పండగ సెలవులు. జూలై ఎనిమిదికి వాయిదా.

పదకొండు వారాలు. ఓబులయ్య ఇక్కడ ఉండి ఉంటే ఇవాళే నిలబడి చెప్పేవాడు. ఈ పదకొండు వారాలు కంపెనీ వేసింది కాదు, పోలీసులు వేసింది కాదు. నేను వేశాను లింబాద్రికి. విచారణ లేకుండా.

23 ఏప్రిల్

పొద్దున డ్యూటీ ఎగ్గొట్టి ఫోన్ చేశాను. ఒక రింగుకే ఎత్తాడు.

“యెవురప్పా?”

“నేను అన్నా. జనార్దన్. హఫర్.”

అవతల మేక అరుస్తోంది. ఎవరో నీళ్లు పడుతున్నారు.

“అన్నా, మేము ఏమనుకున్నమంటే...”

“మీరు అనుకునింది నాకెరికే లేప్పా. నా మొగం మీదనే చెప్పితిరి గదా. నేను సూసింది ఏందో యెవురన్నా అడుగుతారేమోనని ఇరవై దినాలు సూస్తి. ఆ కంచం పట్టుకోని దినామూ సూస్తి.”

ఏదో అనబోయాను. క్షమాపణ, అలాంటిదే.

“అది వొద్దు. అది పెట్టుకోని నేనేం జేసుకోవాల? లింబాద్రి ఎట్లుండాడు?”

చెప్పాను. కోర్టు సంగతి, ముద్రల సంగతి, జూలై ఎనిమిది.

“రాసిస్తా. వాని కోసరం. నీ కోసరం కాదు, అది తెలుసుకో. ఏమేం రాయాల్నో నాకు తెలీదు. నువ్వు సదువుకున్నోనివి గదా, అడుగు. ఒగటొగటే అడుగు, చెప్తా. రాసి పంపిస్తే ఈడ నోటరీ తాన సంతకం జేస్తా.”

ఈ నోటుబుక్కులోనే వెనకనుంచి రాయడం మొదలుపెట్టాను. ఆ రోజు పికప్ ఎక్కడ ఆపారు, ఫోన్ ఎవరు చేశారు, ఏ మాటలన్నారు. ఆయన ఆగి ఆగి చెప్పాడు. తెలియనిది తెలియదన్నాడు. రాసింది చదివి వినిపించాను.

“‘కార్మికుల రక్తం తాగే మేనేజర్ ఫోన్ చేసి’...”

“ఆగాగు. ఆ మాట నేనంటినా?”

“అనలే. కాని నిజమే గదన్నా, వాడు...”

“నేననిందే రాయి నాయనా.”

కోపం వచ్చింది. నిజంగా వచ్చింది, ఇంత జరిగాక కూడా, చెవులు వేడెక్కేంత. కొట్టేశాను. మేనేజర్ ఫోన్ చేసి, అని మాత్రం ఉంచాను.

“టైం ఎంతయితది అన్నా గప్పుడు?”

“నమాజుకు ముందర. పదకొండో, పదకొండున్నరో. బాగా గురుతు లేదు.”

“పదకొండున్నర అని రాస్త. టైం పక్కాగ ఉంటే కేసు గట్టిగుంటది.”

“గురుతు లేదంటి గదా.”

గుర్తు లేదు అని రాశాను.